ఉప్పుగాలిలో పాతగోడలు

పలాస నుండి ఉత్తరముగా, కొబ్బరి, పనస, జీడిమామిడి తోటల నడుమ ఉద్దానపు పల్లెలను దాటుచు మహేంద్రగిరి దిక్కునకు సాగిపోవువారికి మందస యను చిన్న పట్టణమున రెండు పురాతన నిర్మాణములు కనబడును. ఒకటి వాసుదేవ పెరుమాళ్ళ కోవెల. రెండవది జమీందారుల కోట. రెండును ఒకే సముద్రపు గాలికి, ఒకే తుపానులకు ఓర్చుకొన్నవే. ఐనను కోవెలకు నిత్యము చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. కోటకు దాని పని 1948లో మద్రాసు ప్రభుత్వము చేసిన ఎస్టేట్ల రద్దు చట్టముతో తీరిపోయినది. పాత కట్టడము నిలుచుటయు కూలుటయు దాని వయస్సును బట్టి కాక, దానికి దొరకిన పనిని బట్టియు, దానిని బాగుచేయువాని తట్టలోని సున్నమును బట్టియు నుండునని నా యభిప్రాయము.

కోవెల సంగతి ముందు. కళింగ సంప్రదాయమున రాతితో లేచిన యీ యాలయము ఒకప్పుడు మిక్కిలి జీర్ణించియుండగా, తమ గురుపరంపరలోని పెద్దజీయరు స్వామి చదువుకొనిన తావను గౌరవముతో త్రిదండి చినజీయరు స్వామి పూని, ఒరిస్సా శిల్పులను రప్పించి పునరుద్ధరింపజేసిరి. జీర్ణోద్ధారణ మనగా పాత శిఖరమును పడగొట్టి, సిమెంటు బొమ్మలను నిలిపి, వానికి పంచరంగులు పూయుటయే యని రూఢియైన యీ దినములలో, ఆ శిఖరపు వంపు ఎవరి చేతికి తెలియునో వారినే వెదకి పిలిపించుట చిన్న విషయము కాదు. దక్షిణాది స్థపతి యెంత నిపుణుడైనను అతని ఉలి గోపురమునే తలచుకొనును గాని కళింగ శిఖరమును తలచుకొనదు.

ఇచ్చట రెండు ధర్మముల నడుమ నొక తగవు కలదు. 1964లో వెనిస్ నగరమున సమావేశమైన వాస్తువేత్తలు, స్మారకముల నిపుణులు కలిసి వ్రాసికొనిన శాసనము ప్రకారము ఊహ మొదలైన చోట పునరుద్ధరణ మాగిపోవలెను; క్రొత్తగా చేర్చిన భాగము పాతదానితో నొదిగియు, చూచువానికి క్రొత్తదని తెలియునట్లే యుండవలెను. మన ఆగమములకు అరిగిన రాయిని, విరిగిన విగ్రహమును అట్లే యుంచుట సమ్మతము కాదు. దేవుని యిల్లు నిత్యనూతనముగా నుండవలెను. వారసత్వ సంపదను కాపాడుటకై 1984లో ఏర్పడిన ఇంటాక్ సంస్థ 2004లో ప్రకటించిన తన నియమావళిలో, వంశపారంపర్యముగా వచ్చిన శిల్పుల పనితనము కూడ కాపాడవలసిన సంపదయే యని యొప్పుకొని యీ తగవును కొంత చల్లార్చినది. పూజ జరుగుచున్న చోట ఆగమపు మాటయే చెల్లవలెనని నాకు తోచును. కాని శాలిహుండము కొండమీది ఇటుక స్తూపముల వంటి చోట, అవసరమునకు మించి ఒక్క క్రొత్త యిటుకయు చేర్చరాదు. ఆ బౌద్ధావశేషములను 1919లో లోకమునకు చూపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుకభాషకై జీవితమంతయు వాదించిన ఆయన మండలమును గూర్చి నేనిట్లు గ్రాంథికమున వ్రాయుట చూచినచో తప్పక నాలుగు చీవాట్లు పెట్టియుందురు.

కోటల విషయ మింతకంటె చిక్కైనది. కోవెలకు దేవుడున్నాడు; కోటకు దొర లేడు, కచేరీ లేదు, శిస్తు లేదు. హైదరాబాదున ఫలక్‌నుమా 2010లో హోటలుగా మారినది; చౌమహల్లా సంవత్సరముల తరబడి మరమ్మతుల పిదప 2005లో ప్రజలకు తెరువబడి, 2010లో యునెస్కో పురస్కారమును పొందినది. కాని ఆ రెండింటి వెనుకను నిజాము కుటుంబపు పేరును, మహానగరపు యాత్రికులును కలరు. ఆ మాదిరిని మందసకో, టెక్కలికో యథాతథముగా తెచ్చి యతికింపబూనుట తెలివి కాదు. పైగా మందస కోటకు నొక చరిత్ర కలదు. అది గోడలపై వ్రాయబడలేదు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురమున, జమీందారీ అడవిపై రైతుల హక్కుల తగవు ముదిరి పోలీసులు కాల్పులు జరుపగా సాసుమాన గున్నమ్మయు, మరికొందరు రైతులును నేలకొరిగిరి. రేపు ఎవరైన ఆ కోటను బాగుచేసి, గోడలకు రాజావారి పటములను, వేటలో కొట్టిన జంతువుల తలలను మాత్రమే తగిలించినచో, గోడ నిలిచినను చరిత్ర సగము కూలినట్లే. శిస్తు కట్టువాడు ఏ వాకిట నిలుచుండెనో, ఎంతసేపు నిలుచుండెనో అదియు ఆ కట్టడపు స్వభావములోనిదే.

ఇక గోడ లోపలికి పోదము. అసలు కథ యచ్చటనే యున్నది. పూర్వము ఈ తీరమున పెద్ద కట్టడములను ఇటుకతోను రాతితోను సున్నముతోను కట్టెడివారు. సున్నపురాతిని గాని, సముద్రపు టొడ్డున దొరకు ఆల్చిప్పలను, గుల్లలను గాని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాల్చినచో, అందలి బొగ్గుపులుసు వాయువు పోయి కాల్చిన సున్నము మిగులును. దానిపై నీరు పోసినచో సలసల కాగి విరిసి మెత్తని ముద్దయగును. ఆ ముద్దను ఇసుకతోను, ఇటుకపొడితోను కలిపి ఎద్దుల గానుగలో నూరి, కరక్కాయలు నానిన నీరును, బెల్లపు నీరును పోసి తాపీమేస్త్రీ చేతికిచ్చెడివారు. గోడ కెక్కిన పిదప ఆ సున్నము తాను బట్టీలో పోగొట్టుకొనిన వాయువునే గాలినుండి మెల్లమెల్లగా తిరిగి గ్రహించి, నెలలకు, సంవత్సరములకు మరల రాయియగును. సన్నని బీట యేర్పడినచో, వాననీటిలో కరగిన సున్నము ఆ బీటలోనే పేరుకొని కొంతవరకు దానిని పూడ్చుకొనును.

1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను ఆంగ్లేయుడు హక్కుపత్రము పొందిన పోర్ట్‌లాండు సిమెంటు గొప్ప వస్తువు, కాదన్నవాడు మూర్ఖుడు. వంతెనకు, ఆనకట్టకు దానిని మించినది లేదు. కాని మెత్తని పాత యిటుకగోడపై దానిని పూయుట, చెమటపట్టిన యొంటికి నడివేసవిలో రబ్బరు చొక్కా తొడుగుట వంటిది. నేలలోని తేమ గోడ నెక్కుట సహజము. సున్నపు పూత గలచోట ఆ తేమ పైకెక్కినంత పైకెక్కి పూతగుండ గాలిలోనికి పోవును. సిమెంటు దానిని పోనీయదు. ఉద్దానము వంటి సముద్రతీరమున ఆ తేమలో ఉప్పు కూడ నుండును. నీరు పోవుటకు సందు వెదకికొనుచు, పూత వెనుకనే ఆరిపోగా, ఉప్పు పలుకులు కట్టి, ఆ పలుకులు పెరుగుచు ఇటుక ముఖమును పిండిపిండిగా రాల్చివేయును. పూత ఊడిపడును. ఇంటివాడు పాత సున్నపుగోడ యిట్లే యుండునని నిందించి, ఈసారి రెండంగుళముల మందమున సిమెంటు మెత్తించును. వ్యాధిని మందుగా మ్రింగుట యనగా నిదియే.

తెలిసిన పనివాడు చేయవలసిన పని దీనికి విరుద్ధము. ముందు సిమెంటును ఉలితో నెమ్మదిగా ఊడదీసి, గోడను ఒక పొడి కాలమంతయు ఊరక విడువవలెను. తడికాగితపు ముద్దను గోడకు పట్టించి యారిన పిమ్మట తీసివేయుచుండినచో ఉప్పు కొంత కొంతగా దానితో వచ్చును. పిదప పాత యడుసులోని యొక చిన్న పెళ్ళను ఆమ్లములో వేసినచో సున్నము కరగి, ఇసుక మిగులును. ఆ యిసుక రంగును, పలుకును చూచి, దానికి సరిపడు నిసుకనే తెచ్చుకొనవలెను. క్రొత్త పూత పాత యిటుక కంటె మెత్తగా నుండవలెను. చెడిపోవుట తప్పనిసరియైనచో పూత చెడవలెను గాని గోడ చెడరాదు గదా! ఇనుపకడ్డీల కాంక్రీటు సంగతి సరేసరి: ఉప్పుగాలికి కడ్డీ త్రుప్పుపట్టి ఉబ్బగా కప్పు అడుగున పెచ్చులూడి కడ్డీలు బయటపడిన ఇండ్లు ఈ తీరమున కొల్లలు.

కప్పు మాట కూడ చెప్పవలెను. పాత కచేరీలకు, బంగళాలకు మద్రాసు మిద్దె వేయుట వాడుక. టేకు దూలములపై ఇటుకలను నిలువుగా పేర్చి, దానిపై సున్నమును ఇటుక ముక్కలను కలిపి పరచి, కొయ్యచెక్కలతో దినముల తరబడి కొట్టి గట్టిపరచెడివారు. అట్టి మిద్దె కారినప్పుడు పైన ఒక కాంక్రీటు పొర పోయుట సులభోపాయము. దూలముల కదనపు బరువు, దూలపు కొనలు గోడలో దాగిన చోట ఆరని తేమ, అచ్చటనే కుళ్ళు. గదిలోనుండి చూచువానికి దూలము దృఢముగా కనబడును. గోడలోపలి కొనలో ఏమియు మిగిలియుండదు.

కోటలు, బంగళాలు మాత్రమే చారిత్రకములని యనుకొనుట మనకున్న మరొక భ్రమ. బారులుతీరిన వరుస ఇండ్లును, అరుగుల పెంకుటిండ్లును, మత్స్యకారుల చుట్టిండ్లును ఈ దేశపు వాస్తువులో తక్కువవి కావు. చుట్టిల్లు గుండ్రముగా నుండుటయు, దాని చూరు నేలకు వంగియుండుటయు పేదరికము వలన మాత్రమే కాదు. గాలికి ఎదురుగా నిలిచి కొట్టుకొనక, గాలిని తన చుట్టును పోనిచ్చుట కొరకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో పలాస చేరువను తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసినది. అట్టి గాలికి రెండు వాలుల కప్పు కంటె నాలుగు వాలుల కప్పు ఓర్చుకొనునని ఇంజనీర్లు నేడు చెప్పుచున్నారు. మన తాతలు వేసిన నాలుగు వాలుల కప్పులను తీసి రేకులు వేయించిన పిమ్మట చెప్పుట కొంచె మాలస్యమైనది. పెంకుటింటికి మరుగుదొడ్డి, వంటగది, విద్యుత్తు చేర్చుటలో తప్పు లేదు. వానిని పెరటివైపున వేఱుగా నిలిపి, మండువాను మండువాగా విడువవలెను.

నౌపడా నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించి, 1931లో గుణుపురము వరకు పొడిగింపబడిన రెండున్నర అడుగుల చిన్నబండి మార్గము 2004లో ఆగి, 2011 నాటికి పెద్ద పట్టాలతో మరల తెరువబడినది. దానికై కన్నీరు కార్చువారితో నేను చేరను. రోగి, విద్యార్థి, సంతకు పోవు రైతు త్వరగా చేరుట పొగ యింజను సొగసు కంటె ముఖ్యము. అయితే పట్టాలు మారవలసినంత మాత్రమున ప్రక్కనున్న స్టేషను గది కూడ మారవలెనను నియమము లేదు. అట్టి చిన్న గది యేదైన మిగిలినచో, ఊరి గ్రంథాలయమునకో, పాల కేంద్రమునకో అది చక్కగా సరిపోవును.

ఈ "సరిపోవుట" అన్నదే కట్టడమును క్రొత్త పనికి మార్చుటలోని ముఖ్యసూత్రము. హైదరాబాదు కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ 1949లో ఆడపిల్లల కళాశాల యైనది; ఆ పనియే దానిని నిలిపినది, ఐనను మరమ్మతులు లేక చితికి 2002లో ప్రపంచ స్మారకనిధి ప్రమాదస్థితిలోని కట్టడముల జాబితా కెక్కినది, పిదప ఆ సంస్థ తోడ్పాటుతోనే బాగుపడినది. కట్టడమునకు పనిని చూచి పెట్టవలెను గాని, పని కోసము కట్టడమును కోయరాదు. విశాలమైన చావడి సమావేశములకు సరిపోవును. దానిని పది గదులుగా గోడలు కట్టి విభజించినచో చావడి పోయినట్లే. బరువైన పుస్తకపు బీరువాలను మిద్దెపై కాక నేలపై నుంచవలెను. తీగలు గోడను త్రవ్వి దాచుట కంటె పైన కనబడునట్లు పోవుటయే మేలు. రేపు ఊడదీయుటకు వీలుండును. తిరిగి ఊడదీయగల మార్పు చేయుట, ఊడదీయలేని మార్పు మానుట: ఇంతకు మించిన శాస్త్రము నాకు తెలియదు.

చివరకు ఒక యాచరణ చిక్కు. సున్నము తొందరపడు వస్తువు కాదు, సర్కారు పద్దు మాత్రము మార్చి నెలాఖరున ముగియును. బిల్లు గడువు లోపల గోడ నునుపుగా కనబడవలెననిన గుత్తేదారు సిమెంటు బస్తానే తెచ్చును. అతనిని ఒక్కనినే తప్పుపట్టి ప్రయోజనము లేదు. ఉద్దానమున పని జరుగవలెనన్నచో వానలకు ముందే గోతిలో సున్నము నానవేసి, అక్టోబరు, నవంబరు తుపానులు దాటిన పిదప డిసెంబరులో గోడల పని మొదలిడి, పూతలను ఎండలు ముదురక మునుపే ముగింపవలెను. దానికి తగినట్లు ఒకే పద్దు రెండు ఆర్థిక సంవత్సరముల మీదుగా సాగునట్లు మంజూరు చేయుట పాలకుల చేతిలోని పని.