లెక్కలకు సెలవులు వద్దు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఏప్రిల్ నెలాఖరున మూతపడే పాఠశాలలు మళ్లీ తెరుచుకునేది జూన్ రెండో వారంలోనే. ఈ ఏడు వారాలు పిల్లలు ఆటపాటలతో గడపడం న్యాయమే. అయితే సెలవుల అనంతరం బడికి వచ్చిన పిల్లల్లో పలువురు నిరుటి ఎక్కాల వద్ద, తీసివేతల వద్ద తడబడటం ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు కొత్త కాదు.

అభ్యాసం కొరవడితే నేర్చిన విద్య ఎంతగా చెదిరిపోతుందో కోవిడ్ కాలంలో తేటతెల్లమైంది. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2021 జనవరిలో ఐదు రాష్ట్రాలలోని 1,137 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 16,067 మంది పిల్లలను పరిశీలించింది. వారిలో 82 శాతం మంది అంతకుముందు ఏడాది తమకు వచ్చిన గణిత సామర్థ్యాలలో కనీసం ఒకదానిని కోల్పోయినట్లు తేలింది. వేసవి సెలవులు అంత సుదీర్ఘమైనవి కాకపోవచ్చు. కాని పునాది బలహీనంగా ఉన్నచోట ఏడు వారాల విరామం సైతం భారమే.

ఆ పునాది ఎలా ఉన్నదో ‘అసర్’ 2024 నివేదిక చెబుతోంది. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం. ఐదో తరగతిలో భాగహారం వచ్చినవారు 30.7 శాతం. 2022 నాటి కంటె ఇది మెరుగే అయినా, ప్రతి పదిమందిలో ఏడుగురు ఇంకా వెనుకబడే ఉన్నారు.

నోబెల్ బహుమతి గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు జరిపిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. కిలో 20 రూపాయల బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లిపాయలు 1.4 కిలోలు కలిపి ఎంత అని అడిగితే ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో కూరలమ్మే పిల్లలు 37 రూపాయలని ఇట్టే చెప్పగలరు. అదే పిల్లలు కాగితంపై భాగహారం ఇస్తే తికమకపడ్డారు. అమ్మకం ఎరుగని బడిపిల్లల తీరు ఇందుకు విరుద్ధం. వారు కాగితంపై లెక్కలు మెరుగ్గా చేశారు. కాని పనిచేసే పిల్లల్లో మూడింట ఒక వంతుకు పైగా సాధించిన బజారు లెక్కకు వారిలో సరైన జవాబు చెప్పినది ఒక్క శాతమే.

బడికీ బజారుకూ నడుమనున్న ఈ అగాధాన్ని పూడ్చడానికి సెలవులే అనువైన సమయం. ఇందుకు కోచింగ్ కేంద్రాలు అవసరం లేదు. సంతకు వెంట తీసుకువెళ్లి, కొన్న సరుకుల మొత్తమెంత, తిరిగి రావలసిన చిల్లర ఎంత అని అడిగితే చాలు. ఇంటికి వచ్చాక ఆ లెక్కనే పిల్లలచేత కాగితంపై వేయించాలి. ఆవకాయ పెట్టేవేళ ముక్కలకు కారం, ఉప్పు, ఆవపిండి పాళ్లు చెప్పించడం నిష్పత్తుల పాఠమే. బస్సు బయలుదేరిన వేళ, చేరిన వేళల తేడా కట్టించడం మరొకటి. వామనగుంటలు, అష్టాచెమ్మా ఆటలలో లెక్కింపు దానంతటదే సాగుతుంది. పూటకు పది, పదిహేను నిమిషాలు మించనక్కరలేదు.

చదువురాని తల్లిదండ్రులు తమకిది సాధ్యం కాదని వెనుదీయరాదు. కూరలు అమ్మే తల్లికీ, కూలి లెక్క చూసుకునే తండ్రికీ నోటి లెక్క కొట్టినపిండే. వారు నోటితో చెప్పినదానిని బిడ్డ పలకమీద వ్రాసి సరిచూపితే ఇరువురి విద్యా ఒక్కటవుతుంది. ‘అసర్’ నివేదికను వెలువరించే ప్రథమ్ సంస్థ ఇటీవలి వేసవులలో గ్రామాల్లోని యువకుల సాయంతో పిల్లలకు లెక్కల శిబిరాలు నిర్వహించింది. ఊరిలో ఇంటర్, డిగ్రీ చదివే యువతీయువకులు పూనుకుంటే ప్రతి వీధి అరుగుమీదా ఇటువంటి ప్రయత్నం సాధ్యమే.

మూడో తరగతిలో తీసివేత పట్టుబడని బిడ్డకు ఐదో తరగతి భాగహారం అందదు. అక్కడ మొదలైన భయమే పదో తరగతి పరీక్ష దాకా వెంటాడుతుంది. దానిని మొదట్లోనే తుంచివేయడానికి వేసవిలో రోజుకు ఒక్క పావుగంట పెద్ద వెల కాదు.