సీసాలో దాచిన వెలుగు

థైరాయిడ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ అంకె కింద చాలాసార్లు చిన్న అక్షరాల్లో ‘సీఎల్ఐఏ’ అని ఉంటుంది. ఆ హార్మోన్‌ను రసాయన చర్యలో పుట్టే వెలుగుతో కొలిచారన్నమాట.

అంతకుముందు రాజ్యం రంగుది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫేటును నీలిరంగు చిక్కదనంతో లెక్కకట్టే పద్ధతి ఇచ్చారు. మన దేశంలో రంగు మార్పుతో కొలిచే కిట్లు తయారుచేసి లేబరేటరీలకు అందించిన కంపెనీల్లో సూరత్‌కు చెందిన స్పాన్ డయాగ్నొస్టిక్స్ ఒకటి. తర్వాత ఆ వ్యాపారం జపాన్ సంస్థ ఆర్‌క్రే చేతికి వెళ్లింది.

చక్కెర, యూరియా లాంటివి రక్తంలో దండిగా ఉంటాయి కాబట్టి వాటికి రంగు సరిపోయింది. హార్మోన్లు అలా కాదు, లేశమాత్రంగా ఉంటాయి. యాలో, బెర్సన్ అనే శాస్త్రవేత్తలు 1959–60లో ఇన్సులిన్‌కు రేడియోధార్మిక గుర్తు తగిలించి లెక్క తేల్చారు. కానీ రేడియోధార్మిక పదార్థాన్ని వీధి చివరి ల్యాబులో పెట్టుకోలేం. 1971లో స్టాక్‌హోమ్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ దాని స్థానంలో ఎంజైమ్‌ను యాంటీబాడీకి తగిలించారు. అదే ఎలైజా. ఒక్క ఎంజైమ్ అణువు వేలాది అణువులను మారుస్తుంది. అయినా రంగు లేతగా ఉన్నప్పుడు, ఉందో లేదో తేల్చడం కష్టమే. చీకట్లో పుట్టే వెలుగుకు ఆ చిక్కు లేదు. నేపథ్యం నలుపు కాబట్టి రవ్వంత మెరిసినా లెక్కకొస్తుంది.

లుమినాల్ అనే రసాయనం వెలుగుతుందని ఆల్బ్రెక్ట్ 1928లోనే వివరించాడు. పెరాక్సిడేజ్ ఎంజైమ్‌తో మాత్రం ఆ వెలుగు మసకగా ఉండి, క్షణంలో పోయేది. 1983లో బ్రిటన్‌లో వైట్‌హెడ్, క్రికా బృందం అందులో మిణుగురు పురుగు లూసిఫెరిన్ కలిపితే వెలుగు ఎన్నో రెట్లు పెరిగి, నిమిషాల తరబడి నిలిచింది. ఆ తర్వాత చవకైన ఫినాల్ పదార్థాలు ఆ పనిని అందుకున్నాయి.

అసలు చాతుర్యం డయాక్సిటేన్‌ది. రెండు ఆక్సిజన్లు, రెండు కార్బన్లు కలిసిన ఇరుకు వలయం అది, ఎప్పుడు విరుగుతుందా అన్నట్టుంటుంది. డెట్రాయిట్‌లో పాల్ షాప్, మసాచుసెట్స్‌లో ఇరీనా బ్రోన్‌స్టీన్ బృందాలు 1980ల చివర్లో దానికి అడమాంటేన్ అనే బరువైన పంజరాన్ని తగిలించి నిలబెట్టాయి, ఫాస్ఫేటుతో తాళం వేశాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్ ఆ ఫాస్ఫేటును కత్తిరిస్తే వలయం విరిగి వెలుగొస్తుంది. ఒకప్పుడు ఇదే ఎంజైమ్‌ను కొలవాలంటే, అది విడిపించిన ఫాస్ఫేటును రంగు తెప్పించి చూసేవారు. ఇప్పుడు ఫాస్ఫేటు పోవడమే వెలుగుకు సైగ.

ఈ పద్ధతి వాడే యంత్రంలో జరిగేది ఇది. అయస్కాంత పూసలకు అంటిన యాంటీబాడీ రక్తంలోని హార్మోన్‌ను పట్టుకుంటుంది. ఎంజైమ్ తగిలించిన మరో యాంటీబాడీ వచ్చి దానిపై కూర్చుంటుంది. అయస్కాంతం పూసలను గోడకు లాగి పట్టుకోగానే మిగతాదంతా కడిగేస్తారు. చివర్లో డయాక్సిటేన్ ద్రావణం పోసి, 37 డిగ్రీల వద్ద ఉంచి వెలుగు లెక్కిస్తారు. తొలితరం టీఎస్‌హెచ్ పరీక్షలు ఒక యూనిట్ దరిదాపుల్లో ఆగిపోయేవి. నేటివి 0.01 వరకు చూడగలవు. అందుకే థైరాయిడ్ మితిమీరి పనిచేసే రోగిని ఇప్పుడు తేలిగ్గా గుర్తించగలుగుతున్నారు.

ఇంత సున్నితత్వంతో ఒక చిక్కు ఉంది. మన చర్మం మీద, లాలాజలంలో, బ్యాక్టీరియాలో కూడా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఉంటుంది. ఒట్టి వేలు సీసా మూతి లోపలికి తగిలినా ద్రావణం తనంతట తానే మెరవడం మొదలుపెడుతుంది. అందుకే గ్లవ్స్ తప్పనిసరి. వాడిన ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయడం నిషేధం.

తొలి డయాక్సిటేన్ పేటెంట్ల కాలం ఎప్పుడో తీరింది. అయినా చాలా యంత్రాలు తమ బార్‌కోడ్ సీసాను తప్ప ఇంకోదాన్ని ఒప్పుకోవు. యంత్రాన్ని ఉచితంగా పెట్టి, ఖర్చును రియేజెంట్‌లో రాబట్టుకునే ఒప్పందాలు మామూలే. పరీక్ష చవక కావాలంటే ఎక్కడో ఓ చోట ఆ సీసాను సొంతంగా కలిపే కంపెనీ, దాన్ని ఒప్పుకునే యంత్రం రెండూ కావాలి. రంగు కిట్లతో సూరత్ ఆ పని చేసి చూపింది. వెలుగు కిట్లకు అడ్డు రసాయనశాస్త్రం కాదు, బార్‌కోడ్.