యంత్రం మొరాయించినప్పుడు

2019లో కార్యాలయంలోని కంప్యూటర్ల బాధ్యతను కమిటీవారు మాకు అప్పగించినప్పుడు, ఆ పనికి మాకున్న అర్హత ఒక్కటే: తెలుగు ప్రశ్నపత్రాలను మేమే టైపు చేసుకునేవాళ్ళము. సంధులూ సమాసాలూ విడదీయడం వృత్తిగా గలవారు యంత్రంలోని చిక్కులు కూడా విడదీయగలరని వారు భావించి ఉండవచ్చు. ఆ భావన తప్పని మొదటి సంవత్సరంలోనే ఋజువైంది. అందులో కొంత నిజం కూడా లేకపోలేదని తరువాత తోచింది.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా ఏమిటో ముందుగా మనవి చేస్తాము. కంప్యూటరులో మనం వాడే ప్రోగ్రాములు డిస్కునుగాని, ప్రింటరునుగాని, మెమరీనిగాని తమంతట తాము పంచుకోవు. ప్రతిదానికీ ఒక దఫ్తరులో అర్జీ పెట్టుకుంటాయి. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరిని ఎక్కడ ఆపాలో నిర్ణయించే ఆ దఫ్తరే ఆపరేటింగ్ సిస్టమ్. మన కార్యాలయంలో అది విండోస్. మరికొన్ని చోట్ల, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్. పేరేదైనా పని అదే. కనుక ‘కంప్యూటరు పాడైంది’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు చాలాసార్లు పాడైనది వస్తువు కాదు. ఏదో ఒక అర్జీ ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. అది ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే ఈ విద్య.

ఈ సంగతి మాకు తెలియకముందు జరిగిన ఒక నష్టాన్ని చెప్పుకోక తప్పదు. 2020 జనవరిలో, వార్షిక సంచిక ఉర్దూ విభాగం దాచిపెట్టిన యంత్రం ఒక ఉదయం లేవలేదు. అప్పటికి మాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ‘ఫార్మాట్ కొట్టడం’. అనగా డిస్కులోని భాగాన్ని తుడిచివేసి విండోస్‌ను మళ్ళీ స్థాపించడం. అయినా జాగ్రత్తపడుతున్నామనే అనుకుని ఉర్దూ లెక్చరరు గారిని అడిగాము.

‘‘జనాబ్, సి డ్రైవులో మీవి ఏమైనా ఉన్నాయా?’’

‘‘అందులో నేనేమీ పెట్టలేదు భాయ్. నావన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి.’’

మేము నిశ్చింతగా సి డ్రైవును తుడిచివేశాము. తెర మీద కనిపించే ఆ డెస్క్‌టాప్, సి డ్రైవులోనే ‘యూజర్స్’ అనే ఫోల్డరు లోపల, ఆ వ్యక్తి పేరిట ఉండే మరొక చిన్న ఫోల్డరు మాత్రమేనని ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. మామూలుగా త్వరగా చేసే ఫార్మాట్‌లో అక్షరాలు వెంటనే నశించవు. పుస్తకంలో విషయసూచిక చింపివేసినట్లు, ఏది ఎక్కడుందన్న పట్టిక మాత్రమే పోతుంది. అక్కడితో ఆగి ఉంటే చాలావరకు దక్కేది. కాని మేము అప్పటికే దానిపైన కొత్త విండోస్‌ను పరిచివేశాము. విద్యార్థులు చాలామంది తమ రచనలను తిరిగి వ్రాసి ఇచ్చారు. చివరి సంవత్సరం విద్యార్థిని ఒకరు మాత్రం వ్రాయలేదు. ఆ ఏడే పోయిన తన నానీని గురించిన నజ్మ్ అది. కాగితం మీది ప్రతిని ఆమె ఉంచుకోలేదు. ‘‘మళ్ళీ అలా రాదు సార్’’ అన్నది. మేము ఏ సమాధానమూ చెప్పలేకపోయాము.

తరువాత ఒక నెలకు గాని తెలియలేదు, ఒక పెన్‌డ్రైవులో లినక్స్ ఉంచుకుని, దాని నుంచే యంత్రాన్ని లేపి, డిస్కుమీద ఒక్క అక్షరం వ్రాయకుండా అందులోని ఫైళ్ళన్నీ బయటకు తీసుకోవచ్చునని. యంత్రం లేవకపోవడం వేరు, డిస్కు చెడిపోవడం వేరు. ఈ భేదం తెలియని చేతికి ఫార్మాట్ అనే ఆయుధం ఇవ్వరాదు.

యంత్రం లేవడంలో మెట్లున్నాయి. మీట నొక్కగానే మదర్‌బోర్డు మీద ఉండే చిన్న ప్రోగ్రాము మేల్కొంటుంది. పాత యంత్రాలలో దానిని బయాస్ అంటారు, కొత్తవాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. అది మెమరీ మొదలైనవాటిని పరీక్షించి, డిస్కు మీద బూట్‌లోడరును వెదుకుతుంది. బూట్‌లోడరు ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌ను లేపుతుంది. ఆపైన డ్రైవర్లు, సర్వీసులు, చివరకు మన పేరూ పాస్‌వర్డూ అడిగే తెర. ఆగిన మెట్టే సగం జవాబు. తయారీదారు గుర్తు కూడా రాకముందే ఆగితే విండోస్‌ను నిందించి ప్రయోజనం లేదు. సేఫ్ మోడ్‌లో, అనగా అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే, చక్కగా నడిచి మామూలుగా నడవకపోతే, ఇటీవల చేరిన డ్రైవరునో ప్రోగ్రామునో అనుమానించవలె. యంత్రం తన కష్టసుఖాలను వేళతో సహా ఈవెంట్ వ్యూయర్‌లో వ్రాసుకుంటుంది కూడా. తెరపైన వచ్చిన తాఖీదును చదవకుండా ‘ఓకే’ నొక్కేవారు అక్కడికి వెళ్ళి చదువుకోవచ్చు.

2022లో ఉపకారవేతనాల దరఖాస్తులకు గడువు ముగిసే వారంలో, ఒక కంప్యూటరులో మాత్రం వెబ్‌సైటు తెరుచుకోలేదు. బయట వరండాలో విద్యార్థులు వరుసగా నిలిచి ఉన్నారు. అందరూ సైటునే తిట్టారు. మేము అప్పటికి రెండు ప్రశ్నలు అలవరచుకుని ఉన్నాము: ఇది ఈ ఒక్క యంత్రానికేనా, అన్నిటికీనా? నిన్నటికీ నేటికీ మారినదేమిటి? పక్క యంత్రంలో సైటు తెరుచుకుంటున్నది. తెర మూలన తేదీ చూస్తే ఎన్నో ఏళ్ళు వెనుకకు పోయి ఉన్నది. సురక్షితమైన ప్రతి వెబ్‌సైటూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే ధ్రువపత్రం చూపుతుంది. పాతకాలంలో ఉన్నాననుకునే యంత్రానికి ఆ పత్రం ఇంకా పుట్టనేలేదు; కనుక నమ్మదు. కారణం మదర్‌బోర్డు మీది సి.ఆర్. 2032 అనే మూడు వోల్టుల బిళ్ళ సెల్లు. ప్లగ్గులో విద్యుత్తు ఉన్నంతసేపు గడియారం దాని మీద ఆధారపడదు. అయితే మన అటెండరు బాధ్యతగా రాత్రిళ్ళు మెయిన్ కట్టివేస్తాడు. తేదీ సరిచేయగానే వరుస కదిలింది. సెల్లు ఆ సాయంత్రమే మార్చాము, నాలుగు చాయ్‌ల ఖరీదు!

నెట్‌వర్కు, ప్రింటరు బాధలు ఇంతకన్న సులువు. యంత్రం చిరునామా 169.254తో మొదలైతే, దానికి రూటరు చిరునామా ఇవ్వలేదని అర్థం. ముందు తీగ చూడండి. ప్రింటరు ఎవరి మాటా వినకపోతే ప్రింట్ స్పూలర్ అనే సర్వీసును ఆపి, ఇరుక్కున్న పనులు తొలగించి, తిరిగి నడపండి.

మనుషులతో వచ్చిన బాధే పెద్దది. సూపరింటెండెంటు గారి ఖాతా నుంచి అడ్మినిస్ట్రేటరు అధికారం తీసివేసినప్పుడు ‘‘ఇరవై ఏళ్ళ సర్వీసు నాది. నా మీద నమ్మకం లేదా సార్?’’ అని నొచ్చుకున్నారు. ఏ ప్రోగ్రామైనా దానిని నడిపినవారి అధికారాన్నే ధరిస్తుంది. వారు మెయిలులో వచ్చినదేదో పొరపాటున తెరిస్తే, ఆ వైరస్ సూపరింటెండెంటు గారి హోదాలో తిరుగుతుంది. ఇది చెప్పి, మేము సైతం రోజూ సామాన్య ఖాతాలోనే పని చేస్తామని చూపిన మీదట శాంతించారు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన పాత యంత్రాలు కొన్నింటిలో విండోస్ 11 కోరే టి.పి.ఎమ్. 2.0 లేదు. వాటిలో రెండింటిని లినక్స్‌కు మార్చాము. యూనికోడ్ పుణ్యమా అని తెలుగూ ఉర్దూ రెండూ అందులో నిరాటంకంగా సాగుతున్నాయి. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో టైపు చేసిన పాత సంచికలు మాత్రం ఆ ఫాంటు లేనిచోట ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలై కనిపిస్తాయి. వాటికోసం ఒక ముసలి కంప్యూటరును ఇంటర్నెట్ లేకుండా అలాగే ఉంచాము. దయచేసి కమిటీవారు దానిని పాతసామాను కింద అమ్మివేయవద్దని మనవి.

కంప్యూటరు గదిలో ఒక నోటుబుక్కు వేలాడుతున్నది. ఏ తేదీన ఏ యంత్రం ఏమన్నది, ఏమి చేశాము, ఫలించిందా లేదా అన్నది అందులో వ్రాస్తాము. మొదటి పేజీలో 2020 జనవరి సంగతి ఉన్నది. నేర్చుకోదలచిన విద్యార్థులు గురువారం నాలుగు గంటల తరువాత రావచ్చు. పక్కన ఖాళీ డిస్కు గల యంత్రం ఒకటి కేటాయించాము. దానిని ఎవరైనా, ఎన్నిసార్లైనా చెడగొట్టవచ్చును. బాగుచేసి మరీ ఇంటికి పోవలెనన్నది ఒక్కటే షరతు.