ఆకు రాలే కాలంలో బాస్ పోటీలు

బ్లాక్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్, స్పాటెడ్ అనే మూడు రకాలు గాలం పోటీలకు ముఖ్యం. మూడింటిలోనూ బాగా పెరిగేది లార్జ్‌మౌత్. మన చెరువుల్లో కొరమీనులాగే ఇదీ నాచు కిందో, మునిగిన చెట్టు మొద్దు చాటునో పొంచి ఉండి, దగ్గరికొచ్చిన చేపపిల్లనో కప్పనో ఒక్క గుటకలో మింగేస్తుంది. గాలానికి చిక్కగానే నీటిపైకి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ పెనుగులాట కోసమే అమెరికాలో దీన్ని కూరకంటే ఆటకే ఎక్కువగా పడతారు. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప, అంటే సుమారు 10 కిలోలది, ప్రపంచ రికార్డు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానికి సమానమని తేల్చారు.

ఈ వేటను నియమాలున్న పోటీగా మలిచినవాడు రే స్కాట్. అలబామాకు చెందిన ఈ బీమా ఏజెంటు 1967 జూన్‌లో ఆర్కాన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్ మీద తొలి పోటీ పెట్టాడు. తలా 100 డాలర్ల రుసుము కట్టి 106 మంది బరిలో దిగారు. మరుసటి ఏడాది ఆయన స్థాపించిన సంఘమే బాస్ యాంగ్లర్స్ స్పోర్ట్స్‌మన్ సొసైటీ. పట్టిన చేపను ప్రాణంతో తూచి మళ్లీ నీటిలో వదలాలన్న పద్ధతిని 1972 నుంచి ఈ సంఘమే ప్రచారంలోకి తెచ్చింది. లక్షల డాలర్ల బహుమతులున్న పెద్ద పోటీలు నేడు టీవీలో వస్తాయి. అయినా ఈ ఆటకు పునాది ఊరి క్లబ్బులు శని, ఆదివారాల్లో పెట్టుకునే చిన్న పోటీలే.

చిన్న పోటీలో సాధారణంగా పడవకు ఇద్దరు ఉంటారు. ప్రవేశ రుసుములో చాలా భాగం బహుమతుల రూపంలో పోటీదారులకే తిరిగి వెళ్తుంది. అన్నిటికంటే బరువైన ఒక్క చేపకు వేరే బహుమతి ఉండటం మామూలు. బతికున్న ఎర చాలా పోటీల్లో నిషేధం. లోహం, ప్లాస్టిక్, రబ్బరుతో చేసిన ఎరలే వాడాలి. ఎన్ని చేపలు పట్టినా చివరికి తూకానికి పెట్టేది ఐదే. ఆరోది దొరికితే, నిబంధనలు అనుమతించిన చోట, ఐదింటిలో చిన్నదాన్ని వదిలి పెద్దదాన్ని ఉంచుకుంటారు. కాబట్టి గెలుపు చేపల సంఖ్యను బట్టి కాక, ఐదింటి మొత్తం బరువును బట్టి తేలుతుంది. కొలతకు తక్కువైన చేప లెక్కలోకి రాదు. అలబామాలోని గుంటర్స్‌విల్ జలాశయంలో లార్జ్‌మౌత్ కనీసం 15 అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్లు ఉండాలి.

సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా నడిచే పోటీల తీరు వేసవి పోటీలకు భిన్నం. అందుకు మూలం నీటిలో వచ్చే మార్పు. వేసవిలో లోతైన జలాశయంలో వేడెక్కిన తేలిక నీరు పైన, చల్లని బరువైన నీరు అడుగున నిలుస్తాయి. అడుగు పొరలో ఆక్సిజన్ క్రమంగా హరించుకుపోతుంది. ఆకు రాలే కాలంలో పైనీరు చల్లబడి కిందికి దిగుతుంది. రెండు పొరలూ కలిసిపోతాయి. ఈ కలయిక జరిగే రోజుల్లో నీరు మురికిగా మారి, చేపలు ఎరను సరిగా అందుకోవు. నది ప్రవాహం బలంగా ఉండే జలాశయాల్లో ఇలాంటి పొరలు గట్టిగా ఏర్పడవు కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ.

రెండో మార్పు ఆహారానిది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల జలాశయాల్లో బాస్‌కు ప్రధాన ఆహారం షాడ్ అనే చిన్న వెండిరంగు చేప. గోదావరి పులసకు ఇది దూరపు చుట్టం. నీరు చల్లబడే కొద్దీ షాడ్ గుంపులు నడిజలాశయం వదిలి, దానిలో కలిసే వాగుల్లోకి ఎగబాకుతాయి. వాటి వెంటే బాస్ కూడా వెళ్తుంది. చలికాలం రాకముందే కడుపునిండా మేస్తుంది. ఆకలి మీదున్న చేపను పట్టడం కష్టం కాదు. నిన్న ఉన్న చోట అది ఈరోజు ఉండకపోవడమే కష్టం. సాధనలో దొరికిన మంచి తావు పోటీ నాటికి ఖాళీ కావచ్చు. అందుకే అనుభవజ్ఞులు ఒక చోటనే పాతుకుపోకుండా వాగు ముఖం నుంచి లోపలి దాకా వేగంగా వెతుకుతారు. నీటిపై కొంగలు, సముద్రకాకులు మూగడం, షాడ్ పిల్లలు ఒక్కసారిగా పైకి చిమ్మడం వారికి ఆనవాళ్లు.

ఎరల ఎంపికా ఈ వెతుకులాటకు తగ్గట్టే ఉంటుంది. విసిరి త్వరగా లాగుతూ ఎక్కువ నీటిని గాలించడానికి స్పిన్నర్‌బెయిట్, క్రాంక్‌బెయిట్ పనికొస్తాయి. మేత షాడ్ కాబట్టి తెలుపు, వెండి రంగులకే మొగ్గు. ఎర సైజు కూడా ఆ రోజుల్లో తిరిగే షాడ్ పొడవుకు దగ్గరగా ఉండాలి. 1939లో టెనెసీ నదిపై కట్టిన ఆనకట్టతో ఏర్పడి, సుమారు 69,000 ఎకరాల్లో పరుచుకున్న గుంటర్స్‌విల్‌లో మాత్రం మరో పద్ధతికి పేరుంది. అక్కడ హైడ్రిల్లా, మిల్‌ఫాయిల్ నాచు వేసవంతా పెరిగి, ఈ కాలానికి నీటిపై దట్టంగా పరుచుకుంటుంది. బోలు రబ్బరు కప్పను ఆ నాచు మీదుగా గెంతిస్తూ లాగితే, కింద పొంచి ఉన్న బాస్ నాచును చీల్చుకుని వచ్చి కొడుతుంది. చేపను నాచుతో సహా బయటికి లాగాలి కాబట్టి గట్టి కర్ర, అల్లిన బలమైన దారం తప్పనిసరి.

పోటీ రోజు తెల్లవారకముందే పడవలు రేవుకు చేరతాయి. ముందు ఎవరు బయలుదేరాలో చీటీలు తీసి నిర్ణయిస్తారు. చల్లని గాలి వెచ్చని నీటిని తాకి పొగమంచు కమ్మితే, అది విడిచేదాకా ఎవరినీ వదలరు. పగలు కురచవుతుంది కాబట్టి వేటకు మిగిలే గంటలూ తగ్గుతాయి. గడువు దాటి వచ్చిన పడవకు నిమిషానికింత చొప్పున బరువు కోస్తారు. చచ్చిన చేపకూ కోత ఉంటుంది. అందుకే పట్టిన చేపలను పడవలోనే, నీరు మారుతూ గాలి అందే తొట్టిలో ఉంచుతారు.

తూకంలో కొన్ని ఔన్సుల తేడాతో బహుమతి చేతులు మారుతుంది కాబట్టి మోసానికీ ఆస్కారం ఉంది. 2022లో ఈరీ సరస్సుపై జరిగిన పోటీలో, చేపల కడుపుల్లో సీసపు గుండ్లు బయటపడ్డాయి. అవి బాస్ కాదు, వాలై చేపలు. ఇద్దరు పోటీదారులు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. చాలా పోటీల్లో విజేతలను అబద్ధాల పరీక్షకు పిలిచే హక్కును నిర్వాహకులు ముందే నియమాల్లో రాసుకుంటారు.

తూకం అయ్యాక చేపలను వదిలేస్తారు. చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది కాబట్టి వేసవితో పోలిస్తే ఈ కాలంలో అవి బతికే అవకాశం మెరుగు. అయితే దూరం నుంచి తెచ్చిన చేపలన్నిటినీ రేవు దగ్గరే వదిలితే అవి అక్కడే గుమిగూడతాయి. కొన్ని చోట్ల వాటిని ప్రత్యేక పడవలో తీసుకెళ్లి జలాశయంలో వేర్వేరు చోట్ల విడిచిపెడతారు.