క్రూయిజ్ షిప్‌లో లిఫ్ట్ మర్యాద: సెలవులకు ముందే పిల్లలకు నేర్పుదాం

ఇంగ్లిష్ క్లాసులో "హౌ ఐ స్పెంట్ మై హాలిడేస్" అని పేరాగ్రాఫ్ రాయిస్తే, ఈ మధ్య ఒకరిద్దరు పిల్లలైనా క్రూయిజ్ గురించి రాస్తున్నారు. కొందరు సింగపూర్ నుంచి వెళ్ళొస్తే, మరికొందరు చెన్నై నుంచి వెళ్ళొస్తున్నారు. 2023లో మన విశాఖపట్నం పోర్టులోనూ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళిన తాతయ్యలు, అమ్మమ్మలు మనవలతో కలిసి మయామిలో షిప్ ఎక్కుతున్నారు. పిల్లల పేరాగ్రాఫుల్లో వాటర్ స్లైడ్, స్విమ్మింగ్ పూల్, ఎంత తిన్నా అడగని ఐస్‌క్రీమ్ కౌంటర్ ఉంటాయి. లిఫ్ట్ గురించి మాత్రం ఎవరూ రాయరు.

కానీ షిప్‌లో రోజుకు పది పన్నెండు సార్లు అందరూ ఒకచోట కలిసేది లిఫ్ట్ దగ్గరే. మనకు ఏమాత్రం తెలియని మనుషులతో, చాలా దగ్గరగా నిలబడేదీ అక్కడే. అందుకే పిల్లల ప్రవర్తన, మన ప్రవర్తన కూడా, అక్కడ ఇట్టే బయటపడిపోతాయి. క్రూయిజ్ బుక్ చేసుకున్నవాళ్ళకు, చేసుకుందామనుకుంటున్నవాళ్ళకు ఉపయోగపడుతుందని ఈ నెల ఈ విషయం రాస్తున్నాను.

షిప్‌లో లిఫ్ట్‌కు అంత రద్దీ ఎందుకు?

పెద్ద క్రూయిజ్ షిప్ అంటే నీటి మీద కదిలే టౌన్‌షిప్ లాంటిది. 2024 జనవరిలో మొదటి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ద సీస్ షిప్‌లో 20 డెక్‌లు ఉన్నాయి. పూర్తిగా నిండితే దాదాపు 7,600 మంది ప్రయాణికులు పడతారు. సిబ్బంది మరో రెండు వేలకు పైనే. అన్ని షిప్‌లూ అంత పెద్దవి కావు. కానీ చిన్నవాటిలోనూ వందల మంది ఒకేసారి ఒకే వైపు కదిలే సమయాలు ఉంటాయి: షిప్ ఎక్కే రోజు మధ్యాహ్నం, సేఫ్టీ డ్రిల్ అయిన వెంటనే, థియేటర్‌లో షో వదలగానే, దిగిపోయే రోజు ఉదయం.

ఈ సమయాల్లో లిఫ్ట్ కోసం పది నిమిషాలు నిలబడాల్సి రావచ్చు. లిఫ్ట్ పాడైందని అనుకోనక్కరలేదు, అందరూ ఒకేసారి వచ్చారంతే. పిల్లలకు ఈ సంగతి ముందే చెబితే అక్కడ చిరాకు పడరు.

ఒక చరిత్ర విషయం కూడా పిల్లలకు చెప్పవచ్చు. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లో ఫస్ట్ క్లాస్ వారికి 3 లిఫ్ట్‌లు, సెకండ్ క్లాస్ వారికి 1 లిఫ్ట్ ఉండేవి. థర్డ్ క్లాస్ వారికి ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు చాలావరకు అలాంటి తేడాలు లేవు. బాల్కనీ రూమ్ తీసుకున్నవాళ్ళయినా, కిటికీ లేని చిన్న క్యాబిన్‌లో ఉన్నవాళ్ళయినా ఒకే బటన్ నొక్కి ఒకే తలుపు ముందు నిలబడతారు. ముందు ఎవరు, తర్వాత ఎవరు అనేది టికెట్ ధర చెప్పదు. అక్కడ నిలబడ్డవాళ్ళ మర్యాదే చెబుతుంది.

బటన్ దగ్గర, తలుపు దగ్గర

మొదటి నియమం అందరికీ తెలిసిందే: దిగేవాళ్ళు దిగాక ఎక్కేవాళ్ళు ఎక్కాలి. దీని కోసం తలుపుకు ఎదురుగా కాకుండా ఒక పక్కగా నిలబడాలి. తలుపు తెరుచుకోగానే పిల్లలు లోపలికి దూసుకెళ్ళడానికి ప్రధాన కారణం, వాళ్ళు సరిగ్గా తలుపు మధ్యలో నిలబడి ఉండటమే. నిలబడే చోటు మారిస్తే సగం సమస్య తీరుతుంది.

రెండోది బటన్. తొందరగా వస్తుందని చాలామంది పైకి, కిందికి రెండు బటన్లూ నొక్కుతారు. నిజానికి జరిగేది ఇంకోటి. మీరు పైకి వెళ్ళాలి. కానీ కిందికి వెళ్తున్న లిఫ్ట్ కూడా మీ పిలుపు విని ఆగుతుంది. మీరు ఎక్కరు. లోపలున్నవాళ్ళు ఊరికే ఆగి, తలుపు మూసుకునే దాకా చూస్తూ నిలబడాలి. ప్రతి డెక్‌లో ఒక్కరు ఇలా చేసినా మొత్తం ప్రయాణం నత్తనడక అవుతుంది. లోపలికి వెళ్ళి ఆటగా అన్ని నంబర్లూ నొక్కితే ఏమవుతుందో చెప్పక్కరలేదు. లిఫ్ట్‌లో గెంతడం ఇంకా ప్రమాదం. భద్రతా వ్యవస్థ దాన్ని ఆపేయవచ్చు. అప్పుడు టెక్నీషియన్ వచ్చేదాకా లోపలే ఉండాలి.

కొన్ని కొత్త షిప్‌లలో లిఫ్ట్ లోపల నంబర్లు ఉండవు. బయట ఉన్న స్క్రీన్ మీద వెళ్ళాల్సిన డెక్ నొక్కితే, ఏ లిఫ్ట్ ఎక్కాలో అదే చెబుతుంది. ఐదుగురు కలిసి ఒక్కసారే నొక్కితే, వచ్చేది ఒక్కరే అని అది లెక్కేసుకునే అవకాశం ఉంది. ఎవరికి వారు నొక్కితేనే చోటు సరిపోతుంది.

స్విమ్మింగ్ పూల్ నుంచి వచ్చేటప్పుడు ఒళ్ళు తుడుచుకుని, పైన టవలో టీషర్టో వేసుకుని, చెప్పులతో లిఫ్ట్ ఎక్కాలి. నీళ్ళు కారితే నేల జారుతుంది. తర్వాత ఎక్కేది చేతికర్ర పట్టుకున్న పెద్దాయన కావచ్చు.

లిఫ్ట్ తప్ప వేరే దారి లేనివాళ్ళు

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మెట్లు ఎక్కగలిగినవాళ్ళకు లిఫ్ట్ ఒక సౌకర్యం. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్న నానమ్మకు, స్ట్రోలర్‌లో పసిబిడ్డతో ఉన్న తల్లికి అదొక్కటే దారి.

క్రూయిజ్‌లలో వీల్‌చైర్ వాడే ప్రయాణికులు తరచుగా చెప్పే బాధ ఒకటుంది. లిఫ్ట్ వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, పక్కనుంచి చురుగ్గా నడవగలిగినవాళ్ళు ముందుకెళ్ళి నిండిపోతారు. తర్వాతి లిఫ్ట్‌లోనూ అదే. వీల్‌చైర్‌కు నలుగురు నిలబడేంత చోటు కావాలి. ఒకరి తర్వాత ఒకరు దూరుతుంటే ఆ చోటు ఎప్పటికీ ఖాళీ కాదు. అక్కడ ఎవరూ కావాలని చెడుగా ప్రవర్తించరు. ప్రతివారూ "నేనొక్కణ్ణే కదా" అనుకుంటారు. అలా అనుకున్న పది మంది కలిసి ఒక మనిషిని అరగంట నిలబెట్టేస్తారు.

పిల్లలకు ఇలా చెప్పవచ్చు: ఒకటి రెండు డెక్‌ల దూరమైతే మనం మెట్లెక్కుదాం. లిఫ్ట్ ఎక్కాల్సి వస్తే, మనకంటే ముందు నుంచి ఎదురుచూస్తున్న వీల్‌చైర్ ఉందేమో చూద్దాం. ఉంటే వాళ్ళను ముందు వెళ్ళమందాం. లోపలున్నప్పుడు వీల్‌చైర్ కనిపిస్తే, నడవగలిగినవాళ్ళం దిగి చోటిద్దాం. ఒక్క జాగ్రత్త: అడగకుండా వాళ్ళ వీల్‌చైర్ పట్టుకుని తోయకూడదు. "మే ఐ హెల్ప్ యూ?" అని అడగాలి. వద్దంటే నవ్వి ఊరుకోవాలి.

బయటికి కనిపించని ఇబ్బందులు కూడా ఉంటాయని చెప్పండి. ఒక్క డెక్ కోసం లిఫ్ట్ ఎక్కిన యువకుడికి గుండె సమస్య ఉండవచ్చు. మన నియమాలు మనం పాటించడానికి. ఎదుటివాళ్ళకు మార్కులు వేయడానికి కాదు.

పదిమందితో వెళ్ళినప్పుడు

మనం ప్రయాణాలు ఇద్దరు ముగ్గురితో చేయం. బాబాయి వాళ్ళు, అత్తయ్య వాళ్ళు, పెద్దవాళ్ళు అంతా కలిసి బయల్దేరతాం. దాంతో "మావాళ్ళు ఒక్కరు వస్తున్నారు" అంటూ తలుపుకు కాలు అడ్డం పెట్టడం అలవాటైపోయింది. లోపల పరాయివాళ్ళు ఎనిమిది మంది ఉన్నప్పుడు ఆ ఒక్క నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది. అందరం ఒకే లిఫ్ట్‌లో వెళ్ళాలన్న పట్టు వదిలేద్దాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు చొప్పున విడిపోయి, కలిసే చోటు ముందే అనుకుంటే సరిపోతుంది. లోపల వీడియో కాల్స్, స్పీకర్‌లో మాటలు వద్దు. మన భాష వాళ్ళకు అర్థం కాదు కదా అని ఎవరి గురించీ కామెంట్ చేయవద్దు. ఇప్పుడు తెలుగువాళ్ళు లేని షిప్ దొరకడం కష్టం!

పిల్లలు ముందు ఎక్కేసి తలుపు మూసుకుపోతే ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించుకోండి. సులువైన పద్ధతి: గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ ఉన్న డెక్ నంబర్ పిల్లలకు గుర్తుండాలి. అక్కడ దిగి కౌంటర్ దగ్గర నిలబడాలి. పెద్దలు అక్కడికే వస్తారు. సాధారణంగా క్యాబిన్ నంబర్ మొదట్లో ఉండే అంకెలే డెక్ నంబర్. ముందు, మధ్య, వెనుక భాగాల్లో వేర్వేరు లిఫ్ట్‌లు ఉంటాయి కాబట్టి మన క్యాబిన్‌కు ఏది దగ్గరో కూడా నేర్పాలి. కొన్ని షిప్‌లలో 13వ డెక్ ఉండదు. ఇటలీలో 17ను అశుభంగా భావిస్తారు కాబట్టి ఎంఎస్‌సీ షిప్‌లలో 17వ డెక్ ఉండదు. నంబర్ కనిపించలేదని పిల్లలు కంగారుపడకుండా ఇది ముందే చెప్పండి.

లిఫ్ట్ అసలు ఎక్కకూడని సమయం

ఎమర్జెన్సీ అలారం మోగితే లిఫ్ట్ వైపు వెళ్ళకూడదు, మెట్లే వాడాలి. ఆ అలారం ఏడు చిన్న కూతలు, తర్వాత ఒక పొడుగు కూత. పిల్లల చేత నోటితో ఊదించి ఆటలా నేర్పవచ్చు.

షిప్ ఎక్కిన రోజు జరిగే సేఫ్టీ డ్రిల్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా షిప్ రాయిని ఢీకొని ఒరిగిపోయింది. షిప్‌లో 4,200 మందికి పైగా ఉన్నారు. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే షిప్ ఎక్కిన వందల మందికి అప్పటికి డ్రిల్ జరగలేదు. అప్పటి నిబంధన ప్రకారం ఎక్కిన 24 గంటల్లోపు జరిపితే సరిపోయేది. ఈ ప్రమాదం తర్వాత నిబంధన మార్చారు. 2015 జనవరి 1 నుంచి షిప్ బయల్దేరే ముందే గానీ, బయల్దేరిన వెంటనే గానీ డ్రిల్ జరపాలి. కాబట్టి ఆ సమయంలో బఫే వైపు జారుకోవద్దు. మెట్లు దిగలేని పెద్దవాళ్ళు మీతో ఉంటే ఆ విషయం బుకింగ్‌లోనే చెప్పండి. సహాయం అవసరమైనవారి వివరాలు షిప్ బయల్దేరే ముందే కెప్టెన్‌కు చేరాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. నామోషీతో దాచిపెడితే నష్టం మనకే.

లిఫ్ట్ దిగాక

కొన్ని విషయాలు క్లుప్తంగా:

• బఫేకు ముందు సబ్బుతో చేతులు కడగాలి. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ షిప్‌లలో తొందరగా వ్యాపిస్తుంది. దాని మీద హ్యాండ్ శానిటైజర్ అంతగా పనిచేయదు. లిఫ్ట్ బటన్లు అందరూ నొక్కేవే కదా.

• పూల్ పక్క కుర్చీల మీద టవల్ వేసి గంటల తరబడి రిజర్వ్ చేయవద్దు. కొన్ని షిప్‌లలో అరగంట, నలభై నిమిషాలు చూసి సిబ్బంది టవల్ తీసేస్తారు.

• కారిడార్‌లో పరుగులు, తలుపులు ధడాలున వేయడం వద్దు. పక్క క్యాబిన్‌లో రాత్రి డ్యూటీ చేసినవాళ్ళో, పసిపిల్లలో నిద్రపోతూ ఉండవచ్చు.

• సిబ్బందిలో చాలామంది నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండి పనిచేస్తారు. వాళ్ళలో మన దేశం వాళ్ళు కూడా ఎందరో. చప్పట్లు కొట్టి, వేలు చూపి పిలవకుండా, పేరు బ్యాడ్జ్ చూసి పిలిచి థాంక్స్ చెప్పడం పిల్లలకు నేర్పుదాం.

ఇంట్లోనే ప్రాక్టీస్

ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లోనే ప్రాక్టీస్ చేయించండి. పక్కగా నిలబడటం, ఒక్క బటన్ నొక్కడం, వాచ్‌మన్‌నైనా పనిమనిషినైనా ముందు దిగనివ్వడం. మన ఇంట్లో పనిచేసేవాళ్ళతో పాటు లిఫ్ట్ ఎక్కడానికి మనమే ఇబ్బంది పడితే, షిప్‌లో పిల్లలు చూపించే మర్యాద రెండు రోజులు కూడా నిలవదు.

ఈ ఇంగ్లిష్ వాక్యాలు కూడా చెప్పించండి. క్లాసులో మేమూ చెప్పిస్తాం.

"విచ్ డెక్, ప్లీజ్?"
"ఎక్స్‌క్యూజ్ మీ, దిస్ ఈజ్ అవర్ డెక్."
"ప్లీజ్ గో అహెడ్. వీ విల్ టేక్ ద నెక్స్ట్ వన్."

మూడో వాక్యం పలకడం తేలికే. నిండిన లిఫ్ట్‌లు రెండు వెళ్ళిపోయాక, మూడోది వచ్చినప్పుడు, వెనక వీల్‌చైర్‌లో ఒక పెద్దావిడ ఉన్నప్పుడు ఆ మాట అనడం కష్టం. ఆ సమయంలో పిల్లలు మీ ముఖం వైపు చూస్తారు. ముందు మీరు ఒక అడుగు వెనక్కి వేయండి. వాళ్ళూ వేస్తారు.