పాత చేతి రంపం ఎవరి తయారీయో గుర్తించడం ఎలా?

పశువుల కొట్టంలోనో, అటక మీదో తాతల కాలం నాటి చేతి రంపం చాలా ఇళ్ళలో ఉంటుంది. తుప్పు పట్టిందని దానిని పాత ఇనుము కొనేవారికి తూకానికి వేసేస్తుంటారు. అలా వేసే ముందు అది ఎవరి తయారీయో ఒకసారి చూసుకోండి. పాతకాలపు మంచి ఉక్కు రంపాన్ని మూడు పలకల ఆకురాయితో మళ్ళీ మళ్ళీ పదును పెట్టుకోవచ్చు. ఇప్పుడు వస్తున్న వాటిలో పళ్ళ కొనలు నలుపు, నీలం రంగులో ఉండే రంపాలకు ఆకురాయి పట్టదు. అవి మొద్దుబారితే పక్కన పడేయాల్సిందే.

బ్రిటిష్ పాలన కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరం నుంచి మన దేశానికి వడ్రంగి పనిముట్లు వచ్చేవి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం రంపాలకు పేరు పొందింది. అక్కడ ఉంటున్న మనవారికి పాత సామాన్ల అంగళ్ళలో ఇవే ఎక్కువగా కనిపిస్తాయి.

ముందుగా చేయకూడనివి

తయారీదారు పేరు సాధారణంగా తుప్పు కిందే ఉంటుంది. చాలా రంపాలపై ఆ పేరును యాసిడ్‌తో పైపైన చెక్కుతారు. దాని లోతు చాలా తక్కువ. అందువల్ల:

- గ్రైండరు, తీగ బ్రష్షు, ముతక గరుకు కాగితం వాడకూడదు.
- చింతపండు పులుసు, నిమ్మరసం, వెనిగర్‌లో నానబెట్టకూడదు. పులుపు తుప్పుతో పాటు అక్షరాలను కూడా తినేస్తుంది.
- పిడి బోల్టులను బలవంతంగా తిప్పకూడదు. పాత ఇత్తడి మరలు తేలికగా విరుగుతాయి.

ముద్రను బయటకు తీసే పద్ధతి

1. చేతికి తొడుగులు వేసుకుని, రంపాన్ని బల్ల మీద పరచండి. పిడి మీ కుడి వైపు, పళ్ళు మీ వైపు ఉండాలి. పేరు ఎక్కువగా ఇలా పైకి కనిపించే ముఖం మీదే, రేకు మధ్య భాగంలో ఉంటుంది.
2. పలుచని మెషిన్ ఆయిల్ రాసి ఒక రాత్రి ఉంచండి.
3. నున్నని చెక్కముక్కకు 400 నంబరు వాటర్ పేపర్ చుట్టి, నూనె తడి మీదే మెల్లగా రుద్దండి. వేళ్ళతో నొక్కి రుద్దితే కాగితం అక్షరాల గాడిలోకి దిగి వాటిని చెరిపేస్తుంది. చెక్కముక్క ఉంటే పైభాగం మెరుస్తుంది, గాడిలో నలుపు మిగులుతుంది.
4. ఒక్క అక్షరం కనిపించినా ఆపి, గుడ్డతో తుడిచి, పక్క నుంచి వెలుతురు పడేలా సెల్‌ఫోనుతో ఫొటో తీయండి.

పిడి మీది బిళ్ళ

పిడిని పట్టి ఉంచే బోల్టులలో ఒకటి పెద్దదిగా, పైసా బిళ్ళలా ఉంటుంది. దాని మీది అక్షరాలను పాత టూత్‌బ్రష్షుతో శుభ్రం చేసి చదవండి.

డిస్టన్ కంపెనీని హెన్రీ డిస్టన్ 1840లో ఫిలడెల్ఫియాలో ప్రారంభించాడు. 1865లో కొడుకు భాగస్వామిగా చేరడంతో కంపెనీ పేరులో 'అండ్ సన్' వచ్చింది. 1870ల తొలి సంవత్సరాలలో అది 'అండ్ సన్స్' అయింది. 1955లో కంపెనీ చేతులు మారింది. బిళ్ళ మీద 'సన్' ఉందా, 'సన్స్' ఉందా అన్న ఒక్క అక్షరంతోనే రంపం ఏ కాలానిదో కొంత తెలుస్తుంది. రేకు మీద కనిపించే డి-8, 12 వంటివి ఈ కంపెనీ మోడల్ సంఖ్యలు.

షెఫీల్డ్ రంపాలపై స్పియర్ అండ్ జాక్సన్, టైజాక్ వంటి పేర్లు చూడవచ్చు. డబ్ల్యు. టైజాక్ సన్స్ అండ్ టర్నర్ కంపెనీ గుర్తు ఏనుగు. పేరు చెరిగిపోయినా బొమ్మ ఆనవాలు మిగిలి ఉండవచ్చు.

పేరులా కనిపించేవి, కానీ పేరు కానివి

- వారంటెడ్ సుపీరియర్: గద్ద బొమ్మతో ఈ మాట ఉన్న బిళ్ళలను అనేక కంపెనీలు వాడాయి. దీనిని బట్టి తయారీదారు ఎవరో చెప్పలేం.
- కాస్ట్ స్టీల్: ఇది ఉక్కు రకం. పోత ఇనుము అని అర్థం కాదు.
- జర్మన్ స్టీల్: ఇదీ ఉక్కు రకమే. షెఫీల్డ్‌లో చేసిన రంపాల మీద కూడా ఈ ముద్ర ఉంటుంది.
- పిడి దగ్గర పళ్ళ పైన ఉండే 5, 8, 10 వంటి అంకెలు: అంగుళానికి ఎన్ని పళ్ళ కొనలు ఉన్నాయో ఇవి చెబుతాయి. తక్కువ అంకె ఉంటే కలపను నిలువుగా చీల్చడానికి, ఎక్కువ అంకె ఉంటే అడ్డంగా కోయడానికి అనుకూలం.
- పిడి చెక్క మీద గుచ్చిన పేరు లేదా పొడి అక్షరాలు: ఇవి చాలాసార్లు రంపం యజమాని అయిన వడ్రంగివి.

ఒక్క ఆధారంతో నిర్ణయించకండి

విరిగిన పిడి స్థానంలో మరో రంపం పిడి బిగించడం వడ్రంగులకు మామూలే. అప్పుడు బిళ్ళ ఒక కంపెనీది, రేకు మరో కంపెనీది అవుతుంది. పిడి దగ్గర రేకుకు వాడని రంధ్రాలు ఉన్నా, పిడి అంచు రేకుకు సరిగా అమరకపోయినా మార్చారని అనుమానించాలి. రేకు మీది ముద్ర, బిళ్ళ రెండూ ఒకే పేరు చెబితేనే నమ్మండి. రెండూ వేరైతే రేకు మీది ముద్రనే లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే కోసేది రేకే.

ముద్ర దొరకకపోయినా, రేకు వంచి వదిలితే తిన్నగా వెనక్కు వస్తూ, పళ్ళకు ఆకురాయి పడుతుంటే ఆ రంపం పనికొస్తుంది. పలుచగా నూనె రాసి, తేమ తగలని చోట వేలాడదీయండి. అమ్మదలచుకుంటే మెరుగు పెట్టకుండా, ముద్ర కనిపించే ఫొటోతో పనిముట్లు తెలిసినవారికి చూపించిన తర్వాతే ధర మాట్లాడండి.