వార్తల్లో పదం: వీవో2 మ్యాక్స్

పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్‌లోనో, కొత్తగూడెం బొగ్గుగనిలోనో ఏళ్లతరబడి పనిచేసిన మనిషికి మెట్లెక్కితే దమ్ము వస్తోంది. లోపం ఊపిరితిత్తులదా, గుండెదా, సత్తువ తగ్గిన కండరాలదా? వేలికి పెట్టే ఆక్సీమీటర్ రక్తంలో ఆక్సిజన్ ఎంత నిండిందో చెబుతుంది. ఒళ్లు దాన్ని ఎంత వాడుకుంటోందో చెప్పదు.

అది తేల్చేది కార్డియోపల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్. ముఖానికి మాస్కు బిగించి, సైకిల్ తొక్కిస్తూ క్రమంగా భారం పెంచుతారు. పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం, వదిలే గాలిలో 16 శాతం దాకా ఉంటుంది. ఆ తేడానూ, గాలి పరిమాణాన్నీ కలిపి లెక్కిస్తే వాడకం తెలుస్తుంది. ఊరికే కూర్చుంటే కిలో బరువుకు నిమిషానికి దాదాపు 3.5 మిల్లీలీటర్లు. ఎంత శ్రమపడినా ఇక పెరగని గరిష్ఠమే వీవో2 మ్యాక్స్. గుండె వైఫల్యం ఉన్నవారిలో అది 14 మిల్లీలీటర్ల కంటే తగ్గడం గుండెమార్పిడిని ఆలోచించాల్సిన సూచనల్లో ఒకటి.

అయితే ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదు. శ్వాస తన హద్దును తాకడంతో మనిషి తొక్కడం ఆపేస్తే అనుమానం ఊపిరితిత్తుల మీద. శ్వాసకు ఇంకా వెసులుబాటు ఉండగానే ఆక్సిజన్ వాడకం పెరగడం ఆగిపోతే గుండెను చూడాలి.

చుట్టూ ఉన్న గాలి పలచబడినా ఈ అంకె తగ్గుతుంది. ఉమ్మడి ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్, మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కాడు. అక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడోవంతే. అంత ఎత్తున ఎంత దిట్టమైన శరీరానికైనా వీవో2 మ్యాక్స్ బాగా పడిపోతుంది.